తూటికూర మడుగులో పసుపు నీళ్ళు

మా అమ్మవారి గుడికి వంటసాల కడుతూ మా నాన్న పక్కింటావిడ తూటికూర మడుగును పూడ్చేయబోయాడు. దాన్ని ఆపింది నేనేనని ఇప్పటికీ గొప్పలు చెప్పుకుంటాను. పూడ్చే ప్లాను గీసింది కూడా నేనేనన్న సంగతి మాత్రం ఎవరైనా అడిగితేనే చెబుతాను.

అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. ఇంజనీరింగు రెండో ఏడు సగంలో ఉండగా మిలటరీ సర్కారు మీద రంగూన్ అంతా రోడ్డెక్కింది. నేనూ క్లాసువాళ్ళతో కలిసి రెండు రోజులు నడిచాను. మూడో రోజు మా నాన్న నా చెప్పులు దాచేశాడు. తర్వాత కాల్పులు, కర్ఫ్యూ, కాలేజీ గేటుకి తాళం. జాబితాలు పట్టుకుని ఇళ్ళకు వస్తున్నారని విన్న రోజున మా నాన్న నా నోటు పుస్తకాలన్నీ ముందేసుకుని, అట్టల మీద నా పేరున్న చోటల్లా బ్లేడుతో గీకేశాడు. బర్మా అక్షరాలు చదవడం రాదు గనక ఏది నా పేరో తెలియక కాలేజీ పేరూ, పుస్తకం కంపెనీ పేరూ, ఎక్కాల పట్టికలో సగమూ కూడా గీకి పారేశాడు.

"నీ పేరు ఏ కాయితం మీదా ఉండకూడదు. ఇనపడిందా?" అన్నాడు.

వినపడింది. వేలు తెగినా ఆయన చూసుకోలేదని కనపడింది గనక ఎదురు చెప్పలేదు. నేను ఎదురు చెప్పకుండా ఉండడం మా ఇంట్లో వింతే.

అలా ఏడాదికి పైగా ఇంట్లో కూర్చున్నాను. ఆంధ్రా నుంచి ఉత్తరం రాదు, కాలేజీ నుంచి కబురు రాదు. అమ్మకి సాయంగా ఇల్లు ఊడవడం, రేడియో చెవికి ఆనించుకోవడం, మా మేనత్తతో పోట్లాడడం, ఇవే నా పనులు. మా అత్త నాన్న కన్నా పెద్దది, భర్త పోయాక మా ఇంట్లోనే ఉండేది. అమ్మవారి గుడి పెత్తనం అంతా ఆవిడదే. ఆ వేసవిలో గుడి పక్కన వంటసాల కట్టాలని ఆవిడ పట్టుబట్టింది. మా నాన్న తాపీ మేస్త్రీ గనక ఆ పని ఆయన నెత్తిన పడింది.

రంగూన్ శివారు తాకేటాలో మా తెలుగు వీధి పల్లంలో ఉంటుంది. ఏది కట్టాలన్నా ముందు మట్టి తోలించి మెరక చెయ్యాలి. మా నాన్న లారీలకు లారీలు ఎర్రమట్టి తోలించాడు. గుడి ఎలాగూ నాలుగు రేకుల పాకే కాబట్టి దాన్ని విప్పేసి, మెరక మీద ఇటుకల తిన్నె కట్టి, అమ్మవారిని తాత్కాలికంగా అక్కడ కూర్చోబెట్టారు. ఆవిడ అంత ఎత్తు మీద ఎన్నడూ కూర్చోలేదు. వీధంతా కనిపిస్తోందని ఆవిడకి బాగా నచ్చిందని మా అత్త చెప్పింది.

మెరకకి అవతల కంచె. కంచెకి అవతల తూటికూర మడుగు. ఆ మడుగు మీద బతికే బర్మా ముసలావిడని మేమంతా డోడో అని పిలిచేవాళ్ళం, మనం పెద్దమ్మా అన్నట్టు. భర్త లేడు, పిల్లలు లేరు. పొద్దున్నే మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, కాడలు కోసి, కట్టలు కట్టి, వంతెన దగ్గర బజారుకి తీసుకెళ్ళేది. ఆ మడుగు తప్ప ఆవిడకి ఇంకో ఆధారం లేదు. ఒకసారి రోడ్డు పనుల మట్టి కొట్టుకొచ్చి మడుగులో చేరితే తీగంతా కుళ్ళిపోయిందట. మళ్ళీ కోతకి రావడానికి ఏడాది పట్టిందట. ఆ ఏడాది ఏం తిన్నావని ఒకసారి అడిగాను. "నీళ్ళు," అంది.

మా వీధి గొడవలు కంచె మీదుగా విని విని ఆవిడకి తెలుగులో తిట్లన్నీ వచ్చేశాయి. మంచి మాట ఒక్కటీ రాదు. ఆకలేస్తోందని తెలుగులో చెప్పలేదు గాని, మా నాన్నని పీనుగా అని పిలవడం మా అత్తంత స్పష్టంగా పిలిచేది. మెరక లేచిన రోజు నుంచీ ఆ పిలుపు రోజుకి నాలుగైదుసార్లు వినిపించేది.

అంత మెరక చేశాక, వానలు పడకముందే డ్రైనేజీ ఆఫీసు నుంచి అనుమతి కాగితం తెచ్చుకోవాలన్నారు. మా ఇంట్లో దానికి 'వాన కాయితం' అని పేరు. ఈ స్థలం మీద పడిన వాన ఎటు పోతుంది, ఏ కాలువలో కలుస్తుంది, మట్టి కొట్టుకుపోకుండా ఏం చేస్తారు, ఇవన్నీ ప్లాను గీసి చూపించాలి. దానికి బాధ్యులెవరో సంతకం పెట్టాలి. పల్లం వైపు ఉన్న ఇంటివాళ్ళు అభ్యంతరం లేదని వేలిముద్ర వెయ్యాలి. చివరికి ఇనస్పెక్టరు వచ్చి, నీళ్ళు పారడం కళ్ళారా చూడాలి.

దేశం తగలబడి ఇంకా పొగ ఆరలేదు. ఎవరు బతికున్నారో ఎవరు లేరో తెలియదు. అలాంటప్పుడు వాన నీళ్ళు ఎటు పోతాయో గీసి తెమ్మని అడిగే ఆఫీసు ఒకటి తలుపులు తీసుకుని కూర్చుంది. నాకు నవ్వాగలేదు. నవ్వి చాలా నెలలైంది గనక బాగా నవ్వుకున్నాను.

ప్లాను నేను గీస్తానన్నాను. మా నాన్న ఒప్పుకున్నాడు, సంతకం తనదేనన్న షరతు మీద. పాత క్యాలెండరు వెనక గీశాను. మా నాన్న మట్టం చూసుకునే నీళ్ళ ట్యూబు పట్టుకుని ఎండలో మెరక అంతా కొలిచాను. ఎక్కడ ఎంత వాటం ఉందో, కాలువ ఎంత లోతు తవ్వాలో, మలుపు దగ్గర మట్టి సంచులు ఎలా పేర్చాలో వేళ్ళు నొప్పెట్టేదాకా గీశాను. ఎంత అందంగా వచ్చిందంటే దాన్ని గోడకి తగిలించి, దూరం నుంచి చూసుకుని, దగ్గరికొచ్చి మళ్ళీ చూసుకున్నాను. మెరక మీద పడిన చుక్కల్లో ఒక్కటి కూడా డోడో వైపు పోదు, అన్నీ బుద్ధిగా వీధి కాలువలోకే పోతాయి. అడుగున మా నాన్న సంతకం పడితే నాకు ఒళ్ళు మండింది. కాని ఏమీ అనలేదు. అది ఆ ఏడాదిలో రెండో వింత.

ఆ క్యాలెండరు చుట్ట చంకలో పెట్టుకుని, మా నాన్నకి మాట సాయంగా బస్సెక్కి ఆఫీసుకి ఐదుసార్లు వెళ్ళాను. ఇనస్పెక్టరు బక్కపల్చని బర్మా పెద్దమనిషి. సయా అని పిలిచేదాన్ని, మనం సార్ అన్నట్టు. ఆ ఏడు ఎవరూ ఏమీ కట్టడం లేదు గనక ఆయన బల్ల మీద కదిలే ఫైలు మాదొక్కటే. దాన్ని ఆయన ఎంత ముద్దుగా చూసుకునేవాడో! ప్రతిసారీ తెరిచి, ప్లాను ఆసాంతం చూసి, చాలా బాగుందని మెచ్చుకుని, ఏదో ఒక చిన్న లోపం పట్టుకుని మళ్ళీ రమ్మనేవాడు. మొదట కోపమొచ్చింది. మూడోసారికి అర్థమైంది, ఆయనకి మాట్లాడడానికి మనుషులు లేరని. ఐదోసారి టీ కూడా తెప్పించాడు.

డోడో మాత్రం వేలిముద్ర వెయ్యనంది. నేను కంచె మీదుగా ప్లాను పరిచి, వేలితో దారంతా చూపించాను.

"కాగితం మీద నీళ్ళు ఎప్పుడూ చెప్పిన దారినే పోతాయి తల్లీ," అంది బర్మాలో. "నేల మీద పోనీ. అప్పుడు నొక్కుతాను."

నా ప్లానునే అనుమానిస్తుందా అని ఆ రోజంతా ఆవిడతో మాట్లాడలేదు.

ప్లాను ప్రకారం మా నాన్న కాలువ తవ్వించి సంచులు పేర్పించాడు. ఇక మిగిలింది నీళ్ళు పోసి చూపించడం. ఆ ఎండల్లో నీళ్ళెక్కడివి? పంపుకి డీజిలు లేదు. డోడో తన మడుగులో చెంబు కూడా ముంచనివ్వదు. బావిలో చేద వేస్తే చప్పుడు ఆలస్యంగా వినిపిస్తోంది. ఇనస్పెక్టరు వస్తానన్న రోజు చూస్తే సరిగ్గా మా అమ్మవారి పండుగ రోజు. ఆ రోజు మా ఆడవాళ్ళు ముర్రాటలు మోస్తారు. బిందెడు నీళ్ళలో పసుపు కలిపి, వేపమండ వేసి, నెత్తిన పెట్టుకొచ్చి అమ్మవారి ముందు కుమ్మరిస్తే ఆవిడ చల్లబడుతుంది, వీధి చల్లబడుతుంది. ఇంటికో బిందె. ఒక్కో బిందె కోసం మా ఆడవాళ్ళు మూడు వీధులవతలి నుంచైనా నీళ్ళు తెస్తారు. పైగా ఈసారి అమ్మవారు కూర్చున్నది మెరక నెత్తి మీద. ఇంకేం కావాలి?

"అత్తా, పండగ నీళ్ళూ పరీచ్చ నీళ్ళూ ఒకటే సేసేద్దాం," అన్నాను.

"సేసెయ్యే. అమ్మోరేటి వద్దంటాదా?" అంది.

"పసుపు లేకండా మంచినీళ్ళు పోస్తే..."

"నోర్ముయ్యి. ఒట్టి నీళ్ళెల్లి బట్టల మీద పోసుకో. అమ్మోరికి ఒట్టి నీళ్ళేటి?"

సరే, పసుపైతే ఏమిటి, నీళ్ళు నీళ్ళే కదా అనుకున్నాను. కాలువ పరీక్షకి పసుపు నీళ్ళు పోయించిన ఇంజనీరు ప్రపంచంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఇంకో చిక్కు ఉంది. ఐదుగురికి మించి ఒక చోట చేరకూడదన్న ఆజ్ఞ అప్పుడు అమలులో ఉంది. పండుగకి అనుమతి అడగడానికి వెళ్తే వార్డు ఆఫీసులో అదే మాట చెప్పి పంపారు.

"ఐదుగురితో అమ్మోరి పండగేటి? ఐదుగురితో పేకాటవుతాది," అని మా అత్త ఇంటికొచ్చేదాకా తిట్టింది. ఇంటికొచ్చాక మాత్రం చాప మీద కూర్చుని లెక్క వేసింది. ఇనస్పెక్టరు ఒకడు, నీళ్ళు ఎటు పోతున్నాయో చూడడానికి నేను ఒకత్తిని. మిగిలిన చోటు ముగ్గురికి. ముగ్గురేసి వస్తారు, పోస్తారు, వెనక దారిన వెళ్ళిపోతారు, ఇంకో ముగ్గురు వస్తారు. మిగతా అందరూ ఎవరి గుమ్మంలో వాళ్ళు బిందె నెత్తిన పెట్టుకుని నిలబడతారు. ఎవరి గుమ్మంలో వాళ్ళు నిలబడితే గుంపు ఎలా అవుతుంది?

పండుగ రోజు పొద్దున్నే ఇనస్పెక్టరు గొడుగు పట్టుకుని వచ్చాడు. వీధి పొడుగునా గుమ్మాల్లో కొత్త చీరలు కట్టుకుని, బిందెలు నెత్తిన పెట్టుకుని, కదలకుండా నిలబడ్డ ఆడవాళ్ళని చూసి ఆయన నడక ఆగిపోయింది. డప్పు వాయించే ఆయన వస్తే ఆరోవాడు అవుతాడని తన ఇంటి అరుగు మీదే కూర్చుని వాయిస్తున్నాడు. మా నాన్నకీ లోపల చోటు లేదు. కంచె బయట నిలబడి, మెడ సాచి చూస్తున్నాడు. కట్టేది ఆయన, లోపలికి రాకూడనిదీ ఆయనే. ఆ మొహం చూసి నాకు పొద్దున్నుంచే నవ్వు మొదలైంది.

"ఆవిడని కూడా లెక్కపెట్టాలా?" అని ఇనస్పెక్టరు మెల్లగా అమ్మవారిని చూపించి అడిగాడు.

నేను మా అత్తకి ఆ ప్రశ్న అరిచి చెప్పాను. "ఆవిడ మనిసి కాదు గదా, మానెయ్యమను!" అని వీధి చివరి నుంచి జవాబొచ్చింది.

మా అత్త చప్పట్లు కొట్టినప్పుడల్లా ముగ్గురు కదిలారు. మొదటి బిందెలు మట్టి తాగేసింది. రెండో విడతా తాగేసింది. నాలుగైదు విడతలయ్యేసరికి మెరకంతా పసుప్పచ్చగా, బురదగా అయింది గాని నా కాలువలోకి చుక్క రాలేదు. ఇనస్పెక్టరు గడియారం చూసుకున్నాడు. అప్పుడు, కాలువ మొదట్లో, ఒక పసుప్పచ్చ దారం కదిలింది.

"వస్తోంది!" అని నేను అరిచాను.

"వస్తోంది, వస్తోంది!" అని ఇనస్పెక్టరూ అరిచాడు. లుంగీ ఎత్తి పట్టుకుని, గొడుగు చంకలో పెట్టుకుని, ఆ నీటి పక్కనే పరుగెత్తాడు. నేనూ పరుగెత్తాను. మలుపు తిరిగింది. సంచుల దగ్గర ఆగి, ఆలోచించుకుని, దాటింది. గుమ్మాల్లోంచి ఆడవాళ్ళు బిందెలు కదలకుండా మెడలు మాత్రం తిప్పి కేకలేశారు. నీళ్ళు బొళుక్కున వీధి కాలువలో పడ్డాయి. ఇనస్పెక్టరు చప్పట్లు కొట్టాడు. నా జన్మలో నేను గీసినదేదీ అంతకుముందు నిజంగా పారలేదు. నాకు గాల్లో ఉన్నట్టుంది.

ఆయన కలం తీశాడు. సరిగ్గా అప్పుడే కంచె అవతల నుంచి డోడో గొంతు లేచింది. ఆవిడకి వచ్చిన తెలుగంతా ఒకదాని తర్వాత ఒకటి ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పింది. అందరం కంచె దగ్గరికి పరుగెత్తి చూశాం. మడుగు మూల పసుప్పచ్చగా ఉంది. గట్టు కింద ఎక్కడి నుంచో పసుపు ఊరి, తూటికూర కాడల మధ్య మెల్లగా పాకుతోంది.

ఇక ఐదుగురూ లేదు, యాభైమందీ లేదు. వీధంతా వచ్చి కంచె మీద పడింది. "ఐదుగురు! ఐదుగురు!" అని ఇనస్పెక్టరు వేళ్ళు చూపిస్తూ తిరుగుతున్నాడు, వినేవాళ్ళు లేరు.

"ఓలమ్మ! అమ్మోరు తానమాడ్డానికి మడుగులోకెల్లిందే!" అని మా అత్త రెండు చేతులూ ఎత్తేసింది.

అంతే. పసుపూ కుంకుమా మడుగు మీద పడ్డాయి. ఎవరో కంచె మీద నుంచే కొబ్బరికాయ కొట్టి, ఒక చిప్ప డోడో చేతిలో పెట్టారు. తిడుతూ తిడుతూ ఉన్న మనిషికి తన మడుగుకి ఇంతమంది దండం పెట్టేసరికి నోట మాట ఆగిపోయింది. చేతిలో కొబ్బరి చిప్ప చూసుకుంది. కొంచెం కొరికింది. నేను నవ్వి నవ్వి నేల మీద కూలబడ్డాను. నా పక్కటెముకలు నొప్పెట్టాయి. రెండేళ్ళ నవ్వు ఒక్కసారే వచ్చినట్టు నవ్వాను.

కూలబడిన చోటి నుంచి మడుగు నా కళ్ళకి ఎదురుగా ఉంది. పసుపు ఇంకా వస్తూనే ఉంది. మేం పోసింది ముప్పై నలభై బిందెలు. రేపు వాన పోస్తే? పసుపు వచ్చిన దారినే మట్టి రాదా? లారీలకు లారీల మట్టి? నా నవ్వు ఎక్కడ ఆగిందో నాకే తెలియలేదు.

ఇనస్పెక్టరు చెమట తుడుచుకుని, ఫారం మోకాలి మీద పెట్టుకున్నాడు. "నీళ్ళు కాలువలోకి రావడం నా కళ్ళతో చూశాను. ఫారంలో అడిగింది అదే. పసుపు మంచిదే కదా," అన్నాడు.

డోడో కూడా కొబ్బరి నములుతూ బొటనవేలు చాపింది. "మీ అమ్మవారే వచ్చిందంటున్నారు. నేనెందుకు కాదంటాను? ఇటు ఇవ్వు."

కంచె బయట మా నాన్న మొహం వెలిగిపోతోంది. అందరూ సరేనన్నారు. కాగితం చేతికొచ్చేసినట్టే. నోరు మూసుకుని ఒక్క నిమిషం కూర్చుంటే చాలు.

"సయా, సంతకం పెట్టకండి," అన్నాను.

ఆయన కలం ఆగింది. నేను డోడో వైపు తిరిగాను. "ఇది పసుపు గనక కనిపించింది డోడో. వానొస్తే ఇదే దారిలో మట్టి వస్తుంది. మీ మడుగు పోతుంది. నా ప్లాను తప్పు." ఆ చివరి మాట అనడానికి నాకు ప్రాణం పోయినంత పనైంది. గోడకి తగిలించుకుని చూసుకున్న ప్లాను అది.

"నీకేటి పిచ్చా?" మా నాన్న కంచె ఊగేలా అరిచాడు. "ఇస్తానన్న కాయితం వద్దంటావేటి? వానలొచ్చెత్తన్నాయి. నానేటి సెయ్యాల?"

"తవ్వాల! ఆ నీళ్ళెక్కణ్ణించి ఎల్తన్నాయో తవ్వి సూడాల!" అని నేనూ అరిచాను. అమ్మవారి ముందు, ఆఫీసరు ముందు, వీధంతా వింటుండగా తండ్రీ కూతుళ్ళం గొంతులు పోయేలా అరుచుకున్నాం.

ఇనస్పెక్టరు ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నా సర్వీసులో సంతకం పెట్టొద్దని అడిగినవాళ్ళు లేరు," అన్నాడు. ఆయనకి కోపం రాలేదు, పైగా సంతోషంగానే ఉన్నాడు. "మొదటి వాన రోజు వస్తాను. అప్పుడు బిందెలు అక్కర్లేదు."

మర్నాడు తవ్వడం మొదలుపెట్టాను. మా నాన్న మాట్లాడటం మానేశాడు, పారలు మాత్రం గుమ్మం దగ్గర వదిలి వెళ్ళాడు. మెరక కింద, పాత నేల మట్టానికి జానెడు లోతులో ఇటుకల తూము బయటపడింది. గుడి కట్టిన కొత్తలో ముర్రాట నీళ్ళు పోవడానికి వేసిన తూము. నోరు తెరుచుకుని తిన్నగా మడుగు వైపు పోతోంది. మా అత్త వచ్చి చూసి బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"అవునే, ఇది మా అయ్య తవ్వించిన తూము గదా! అప్పటికి మీ నాన్నింకా పుట్నేదు."

"ముందే సెప్పొచ్చు గదత్తా!"

"నువ్వడిగేవేటి?"

నిజమే, అడగలేదు. ట్యూబు పట్టుకుని నేలంతా కొలిచాను గాని ఆ నేల మీద పుట్టి పెరిగిన మనిషిని ఒక్క మాట అడగలేదు. అప్పుడు కోపంతో తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది, ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

తూము మూతిని బంకమట్టితో, ఇటుక ముక్కలతో గట్టిగా కూరాం. నీళ్ళు కాలువలోకి పోయే ముందు కాసేపు నిలబడి, మట్టి అడుక్కి దిగేలా ఒక గొయ్యి తవ్వాను. మూడో రోజు మా నాన్న వచ్చి నా గొయ్యి వైపు చాలాసేపు చూశాడు.

"ఇది గొయ్యా, సెంబా?" అన్నాడు. అదే రాజీ. పార లాక్కుని ఆ గోతిని మూడింతలు చేశాడు. వాలు మీద పచ్చిక పెళ్ళలు ఎలా అతికించాలో, అవి జారకుండా వెదురు పుల్లలు ఎలా గుచ్చాలో చూపించాడు. ఇవేవీ నా పుస్తకాల్లో లేవు. డోడో తన గట్టు మీద పీట వేసుకుని కూర్చుని మమ్మల్ని అదమాయించింది. పీత బొరియలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఆవిడకి తెలుసు. ఇక్కడ కూరండి, అక్కడ కూరండి అని కర్రతో చూపించేది. మేం ఆలస్యం చేస్తే తెలుగులోకి దిగేది. పక్క వీధుల ఆడవాళ్ళు బియ్యం సంచులు తెచ్చి మట్టి నింపి పేర్చారు. ఐదుగురేసి వచ్చారు, పద్ధతిగా. ఆ పది రోజుల్లో నేను ఎంత నల్లబడ్డానంటే మా అమ్మ నన్ను గుమ్మంలో గుర్తుపట్టలేదు. కాని అంత సంతోషంగా కాలేజీలో కూడా ఎప్పుడూ లేను.

వాన ఒక మధ్యాహ్నం వచ్చింది. ఆకాశం నల్లబడి, గాలి లేచి, రేకుల మీద రాళ్ళు పడ్డట్టు మొదలైంది. నేను అన్నం కంచం ముందు నుంచి లేచి పరుగెత్తాను. వెనక మా నాన్న, ఆయన వెనక నెత్తి మీద చేట పెట్టుకుని మా అత్త. మెరక మీద నుంచి ఎర్రటి నీళ్ళు దొర్లుకుంటూ వచ్చి గోతిలో పడుతున్నాయి. గొయ్యి నిండింది. అంచు దాకా వచ్చింది. అవతలి అంచు నుంచి పొంగి కాలువలోకి దిగిన నీళ్ళు, కాస్త రంగున్నాయి గాని, టీ నీళ్ళంత పల్చగా ఉన్నాయి. వీధి కాలువ వైపు పరుగెత్తి పోతున్నాయి.

డోడో తన మడుగులో, కంచె మూలన, నడుం వంచి నిలబడి ఉంది. రెండు చేతులతో కాడలు పక్కకి తప్పించి, గట్టు అడుగు చూస్తోంది. చాలాసేపు చూసింది. వాన ఆవిడ వీపు మీద పడుతూనే ఉంది. తర్వాత దోసిలితో నీళ్ళు పైకి తీసి, మాకు కనబడేలా ఎత్తి పట్టుకుంది. తేటగా ఉన్నాయి. నేను బురదలోనే గెంతాను. మా అత్త చేట గాల్లోకి విసిరేసింది.

ఇనస్పెక్టరు మాట తప్పలేదు. లుంగీ మోకాళ్ళ దాకా ఎగగట్టి, గొడుగు వేసుకుని, బస్సు దిగి ఆ వానలో నడిచొచ్చాడు. గొయ్యి చూశాడు, కాలువ చూశాడు, కంచె మీదుగా వంగి మడుగు చూశాడు. గొడుగు కింద అందరం తలలు దూర్చాం. ఆయన ఫారం తీసి పలక మీద పెట్టాడు.

"ఇది పాత ప్లాను కాదు కాబట్టి ఫారం కూడా కొత్తదే," అన్నాడు. "బాధ్యులెవరు?"

"నేనే," అని మా నాన్న చెయ్యి చాపాడు.

డోడో కంచె మీదుగా ఆయన చేతి మీద ఒకటి వేసింది. తడి చెయ్యి, గట్టిగానే తగిలింది. "నువ్వు పెట్టించుకోవాలని అరిచావు కదా? పెట్టొద్దని నాకు చెప్పింది ఆ పిల్ల. నా మడుగులోకి మట్టి వస్తే ఎవరి పేరు పెట్టి తిట్టాలో నాకు తెలియాలి. ఆ పిల్ల పేరు రాయించు. అప్పుడే నా వేలు."

నేను మా నాన్న వైపు చూడలేదు, చూడడానికి భయమేసింది. ప్రభుత్వ కాగితం, ముద్ర ఉన్న కాగితం. దాని మీద నా పేరు. మా నాన్న ఇనస్పెక్టరు చేతిలోంచి కలం తీసుకుని, తన చొక్కా లోపలి అంచుకి తుడిచి, నా చేతిలో పెట్టాడు.

నేను రాయబోయాను. అలవాటు తప్పి అక్షరం చిన్నదిగా, ఓ మూలకి పడింది. మా నాన్న వంగి చూశాడు.

"పెద్ద అచ్చరాల్తో రాయే," అన్నాడు. "ఆయమ్మకి కనపడాల గదా."